ఇరవై ఆరు అడుగులు

మధ్యాహ్నం రెండు గంటల పదిహేడు నిమిషాలకు పదకొండో సీటుకు ఒక కాల్ వచ్చింది. అది సరిగ్గా గంట నడిచి, దానంతట అదే తెగిపోయింది. చివరి పద్నాలుగు నిమిషాలూ అవతలి నుంచి మాట లేదు.

పదకొండో సీటులో కూర్చునే ఆవిడకు యాభై ఒక్క ఏళ్లు. టీవీ కంపెనీకి వచ్చే ఫిర్యాదుల కాల్స్ తీసుకోవడం ఆవిడ పని. ఆ హాల్లో నలభై సీట్లున్నాయి. మిగతా ముప్పై తొమ్మిది మందిలో ఎవరికీ ముప్పై నిండలేదు. వాళ్లు ఆవిడను ఎక్స్ఛేంజి అక్క అంటారు. ఇరవయ్యో ఏట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరింది. అది మూతపడ్డాక రైళ్ల వేళలు చెప్పే కౌంటరు, అదీ పోయాక కొరియర్ ఆఫీసు, ఆ తర్వాత ఇక్కడ. ముప్పై ఒక్క ఏళ్లుగా చెవికి ఏదో ఒకటి తగిలించుకునే ఉంది. కుడి చెవి పైన జుట్టు మొలవని గీత ఒకటి పడింది.

పెళ్లి కాలేదు. ఉండేది తమ్ముడి ఇంట్లో. హాల్లో సోఫా వెనక ఆవిడ పరుపు చుట్టి ఉంటుంది. అందరూ చూడడం అయిపోయి టీవీ కట్టేస్తే గానీ ఆ పరుపు పరవడానికి వీల్లేదు. ఆ టీవీ రిమోటు ఆవిడ చేతికి ఎప్పుడూ రాలేదు. ఆ రోజు పొద్దున్న కూడా బొమ్మ ఆగిపోయి తెర మీద చక్రం తిరుగుతుంటే, "కాష్ క్లియర్ చెయ్యవే, సరిపోతుంది" అంది.

"అత్తా, అవన్నీ నీ ఫోన్లో చెప్పుకో. ఇక్కడొద్దు" అంది మేనకోడలు.

"కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుందాంలే. ఎత్తేది మీ అత్తే కదా" అని మరదలు నవ్వింది.

ఆవిడ కూడా నవ్వి, డబ్బాలో అన్నం సర్దుకుని బస్సెక్కింది.

టీవీ లోపలి మెట్లన్నీ ఆవిడకు లామినేట్ చేసిన ఒక కాగితం మీదే పరిచయం. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలదు. పది కాల్స్‌లో ఆరు ఒకటే ఫిర్యాదు: టీవీ నెమ్మదించింది. తను చూపించిన వాటి ముక్కలను టీవీ లోపల దాచుకుంటుంది; వాటినే కాష్ అంటారు. అవి పేరుకుంటే నడవలేదు. వాటిని తుడిచేస్తే మళ్లీ లేస్తుంది. అయిదు మెట్లు. మామూలుగా ఆరేడు నిమిషాల పని.

కాల్ సగటు వారానికి ఏడు నిమిషాలు దాటకూడదన్నది హాలు నియమం. ఆవిడకు అప్పటికే రెండు హెచ్చరిక లేఖలు వచ్చాయి. మూడోది వస్తే సీటు ఉండదు. ఆ రోజు వారంలో ఆఖరిది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి ఆవిడ సగటు ఆరు నిమిషాల యాభై రెండు సెకన్లు.

ఆలస్యానికి కారణం ఒక ప్రశ్న. కాల్ ముగించే ముందు ఫారంలో అది వస్తుంది: కస్టమరు టీవీ వేసి సరిచూసుకున్నారా? హాల్లో అందరూ అడగకుండానే 'అవును' నొక్కేస్తారు. ఆవిడ అడుగుతుంది. కస్టమరు చూసి చెప్పాకే నొక్కుతుంది.

"అక్కా, నీ అవునుకీ మా అవునుకీ తేడా ఎవరికైనా కనపడుతుందా?" అని లీడరు ఒకసారి అడిగాడు. పది సీట్లకొక లీడరు ఉంటాడు. ఇతనికి ఇరవై ఆరేళ్లు.

"నాకు కనపడుతుంది నాయనా" అంది ఆవిడ.

రెండు పదిహేడుకు వచ్చిన కాల్‌లో ఒక ముసలాయన గొంతు.

"అమ్మాయ్, మా టీవీ ముసలిదైపోయింది."

"కొని ఎన్నేళ్లయిందండీ?"

"మూడేళ్లు. నాకు ఎనభై రెండు. అయినా నాకంటే అదే నెమ్మది."

"నన్ను అమ్మాయ్ అంటున్నారు. నాకూ యాభై దాటాయండీ."

"దాటితే దాటాయిలే. నాకు అమ్మాయివే."

భార్య పంతొమ్మిది రోజులుగా ఆస్పత్రిలో ఉందని, మర్నాడు పొద్దున్న ఇంటికి పంపిస్తున్నారని ఆయన చెప్పాడు. మంచం మీద నుంచి లేవకూడదన్నారట.

"ఇంక పొద్దస్తమానం ఆవిడకి టీవీయే దిక్కు. రిమోటు ఎప్పుడూ ఆవిడదే, నేను ముట్టుకుని ఎరగను. వచ్చేసరికి ఈ చక్రం ఇలాగే తిరుగుతుంటే, టీవీ కంటే ముందు నన్ను రిపేరుకి పంపిస్తుంది."

"మెకానిక్‌ని పంపమంటారా? మూడు రోజులు పడుతుంది."

"రేపొద్దున వస్తోందంటే మూడు రోజులంటావేంటి తల్లీ?"

"సరే, రిమోటు తీసుకోండి."

"అది లోపలి గదిలో ఉంది. టీవీ అక్కడే. ఫోనేమో హాల్లో. సెల్లు ఆవిడ దగ్గరుంది, ఇది తీగ ఫోను. ఇక్కణ్ణుంచి టీవీకి నా నడకలో ఇరవై ఆరు అడుగులు. ఉజ్జాయింపు కాదు, సర్వే శాఖలో ముప్పై నాలుగేళ్లు భూములు కొలిచే గొలుసు లాగాను."

ఆ తర్వాత కాల్ ఇలా నడిచింది. ఆవిడ ఒక మెట్టు చెప్పేది. ఆయన రిసీవరును బల్ల మీద పెట్టేవాడు. చేతికర్ర చప్పుడు మొదలయ్యేది. కాసేపటికి అదే చప్పుడు దగ్గరకు వచ్చేది. రిసీవరు ఎత్తి, తెర మీద ఏముందో చెప్పేవాడు. రెండో విడతకే ఆవిడ అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై ఆరే.

"బొమ్మ రంగులు, బొమ్మ వెలుగు అని ఏవో వచ్చాయమ్మా."

"అది కాదండీ. వెనక్కి వెళ్లాలి."

"మళ్లీ ఇరవై ఆరా?"

"రిమోటులో వెనక్కండీ."

"ఆ రిమోటూ అక్కడే ఉంది కదా."

పన్నెండో నిమిషంలో లీడరు వచ్చి వెనక నిలబడ్డాడు. "మెసేజ్ పంపి వదిలెయ్ అక్కా" అన్నాడు. ల్యాండ్‌లైనుకు మెసేజ్ పోదని ఆవిడ తెర మీద నంబరు చూపించింది. తెర మూలన గడియారం ఎరుపెక్కి ఉంది. అతను దాన్నీ ఆవిడనూ చూసి వెళ్లిపోయాడు.

"కాసేపు కూర్చోండి. తొందరేం లేదు" అంది ఆవిడ ఫోన్లో.

"కూర్చుంటే లేవడం ఇంకో పని."

నాలుగో మెట్టు దగ్గర జాగ్రత్త చెప్పింది. "క్లియర్ కాష్ అని ఉంటుంది. దాని పక్కనే క్లియర్ డేటా అని ఇంకోటి. రెండోది నొక్కకండి."

"నొక్కితే?"

"అన్నీ పోతాయి. పాస్‌వర్డులు మళ్లీ కొట్టుకోవాలి."

"అవి ఆవిడకే తెలుసు. నొక్కను."

వెళ్లి వచ్చి, సరైనదే నొక్కానన్నాడు. అయిదో మెట్టు, గోడ దగ్గర స్విచ్ ఆపి మళ్లీ వేయడం. అదీ చేసి వచ్చాడు. ఈసారి వెంటనే మాట్లాడలేదు. ఊపిరి వినపడింది.

"వేశానమ్మా. కంపెనీ పేరు వస్తోంది తెర మీద. వచ్చేశాను."

అప్పటికి రెండు యాభై ఎనిమిది అయింది. ఫారంలో ప్రశ్న వచ్చి నిలబడింది. ఆవిడ వేలు 'అవును' దాకా వెళ్లి ఆగింది.

"ఒక్కసారి వెళ్లి, అమ్మగారు చూసేదేదో పెట్టి, చక్రం తిరగకుండా వస్తోందో లేదో చూసి వచ్చి చెప్పండి."

"ఇంకోసారా?"

"ఇదే ఆఖరండీ."

"ఉండు మరి" అన్నాడు. రిసీవరు బల్ల మీద పెట్టడానికి కొంచెం ఆలస్యమైంది.

ఇరవై ఆరు లెక్కపెట్టింది. టీవీలోంచి ఎవరో నవ్వారు. వెంటనే పాట. వెంటనే వార్తలు. మధ్యలో ఆగడం లేదు. లోపలి గదిలో ఆయన "అబ్బో!" అన్నాడు. కర్ర చప్పుడు మళ్లీ మొదలైంది. ఒకటి, రెండు, మూడు. తొమ్మిది దాకా వచ్చి ఆగిపోయింది.

మూడు గంటల మూడు నిమిషాలు.

"పెద్దాయనా" అంది. తర్వాత గట్టిగా పిలిచింది. అటుపక్క సీట్లవాళ్లు తిరిగి చూశారు. లీడరు మళ్లీ వచ్చాడు.

"బాత్రూంకి వెళ్లుంటాడు అక్కా. కట్ చెయ్."

"తొమ్మిది అడుగుల్లో ఏ బాత్రూం? కట్ చేస్తే మళ్లీ కలవదు, రిసీవరు పక్కన పెట్టి ఉంది. ఎవరినైనా పంపించు."

"ఎక్కడికని?"

ఆవిడ చిరునామా తెరిచింది. అందులో ఉన్నది టీవీ అమ్మిన కొట్టు చిరునామా. ఆ కొట్టుకు లీడరు ఫోన్ చేస్తే నంబరు వాడుకలో లేదని వచ్చింది. అప్పుడతను తన సెల్లు తీసి పోలీసులకు చేశాడు. ల్యాండ్‌లైను నంబరు రెండుసార్లు చదివాడు. ఫోను కంపెనీని అడిగి ఇల్లు కనుక్కుంటామన్నారట.

"ఎంతసేపట్లో?"

"చూస్తామన్నారు."

ఆవిడ చెవికి ఉన్నదాన్ని చేత్తో అదిమిపట్టి కూర్చుంది. వార్తలు అయిపోయి ఏదో సీరియల్ మొదలైంది. ఏ కాలైనా గంట దాటితే సిస్టమే తెంపేస్తుంది. మూడు పదిహేడుకు తెంపేసింది.

వెంటనే చేస్తే ఎంగేజ్. సాయంత్రం ఆరయ్యేలోపు, కాల్‌కూ కాల్‌కూ మధ్య, పంతొమ్మిదిసార్లు చేసింది. పంతొమ్మిదిసార్లూ ఎంగేజే.

ఆ కాల్ ఫారంలో ఆవిడ ఏదీ నొక్కలేదు. సిస్టం కాసేపు ఆగి దాన్ని మూసేసింది.

ఆరింటికి సగటు ఏడు నిమిషాల రెండు సెకన్లు. లీడరు వచ్చి ఆ అంకె చదివాడు.

"పైవాళ్లకి చెప్పి చూశాను అక్కా."

"నువ్వేం చేస్తావులే. పోలీసులు ఫోన్ చేస్తే నాకు చెప్పు."

హెడ్‌సెట్టు, మెడలోని కార్డు అప్పగించి మూడో లేఖ మీద సంతకం పెట్టింది. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. టీవీ కట్టేసేదాకా వంటింట్లో కూర్చుంది.

మర్నాడు పదకొండు గంటలకు లీడరు ఫోన్ చేశాడు.

"అక్కా, పోలీసులు చేశారు. వాళ్లు ఇల్లు కనుక్కునే లోపలే, తొమ్మిదింటికి ఆస్పత్రి బండి వచ్చిందట. ఎంత కొట్టినా తలుపు తియ్యకపోతే పక్కింటివాళ్లు గడియ విరగ్గొట్టారట."

"ఎక్కడున్నాడు?"

"హాలుకీ గదికీ మధ్య. గోడకి ఆనుకుని కూర్చున్నాడట. నిన్న మధ్యాహ్నమే పోయాడంటున్నారు."

"కూర్చునా?"

"కూర్చునే. టీవీ నడుస్తూనే ఉందట."

"ఆవిడో?"

"మంచం మీదకి చేర్చారట. అంతకంటే చెప్పలేదు. ఫోను పక్కన కాగితం ఒకటి దొరికిందట. మన నంబరు రాసి ఉంటే, ఇదేంటని నాకు ఫోటో పంపారు. నీకు పెడుతున్నా."

ఫోటో వచ్చింది. గీతల కాగితం. పెన్సిలుతో రాసిన ఆరు వరుసలు, ప్రతిదానికీ అంకె. సెట్టింగ్స్. యాప్స్. ఆవిడ సీరియళ్ల బొమ్మ. క్లియర్ కాష్, డేటా కాదు. స్విచ్ ఆపి వేయాలి. ఈ అయిదింటి పక్కనా టిక్కులున్నాయి.

ఆరో వరుసలో, చూసి వచ్చి అమ్మాయికి చెప్పాలి, అని ఉంది. దాని పక్కన టిక్కు లేదు.