పేరయ్య ముక్కు

యూనివర్సిటీ ల్యాబులో పేరయ్య కత్తెరతో రెండో సంచి మూతి కత్తిరించి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. లోపల వేలెడేసి పొడవున ఎండబెట్టిన కోడిమాంసం ముక్కలు, పెంపుడు కుక్కల కోసం చేసినవి. త్వరగా పాతబడేలా నలభై రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచిన రెండు సంచుల్లో ఏది మాంసాన్ని చెడకుండా ఉంచిందో ఈరోజు తేలాలి. మొదటిదానికి లోపల వెండిరంగు పొర ఉంది. రెండోది కాగితపు సంచి, ముందువైపు కిటికీలా పలచటి ప్లాస్టిక్.

ఎదురుగా అరుంధతి నిలబడి ఉంది. ఈ యూనివర్సిటీలోనే చదువుకుని, ఇప్పుడు తార్నాకలో రెండు గదుల్లో ఈ ముక్కలు తయారుచేస్తోంది. రోజంతా ఆ మాంసం మధ్యే ఉండటంతో వాసనలో తేడా తనకు తెలియదంది. యంత్రం లెక్క రావడానికి ఇంకో వారం పడుతుంది. అంతదాకా ఆగలేక పేరయ్య మాట కోసం వచ్చింది. మనసు మాత్రం కిటికీ సంచి మీదే ఉంది. కొనేవాళ్ళకు మాంసం కనబడాలి కదా.

ఇరవై తొమ్మిదేళ్ళుగా ల్యాబులో అటెండరు అతను. చెడిన నూనెను యంత్రం కన్నా ముందే పట్టే ముక్కు అతనిదని ప్రొఫెసర్ రత్నకుమార్ కొత్త విద్యార్థులకు చూపించి మరీ చెప్పేవాడు. అతనికి దక్కిన గౌరవం అదొక్కటే. అందుకే మూడేళ్ళ కిందట కరోనా జ్వరంతో వాసన పోయినా ఎవరికీ చెప్పలేదు. రంగు చూసి, వేళ్ళతో నలిపి, ఎదుటివాళ్ళ ముఖం చూసి చెప్పడం అలవాటు చేసుకున్నాడు.

“బాగనే ఉన్నదమ్మా. రెండు ఒక్కతీరుగనే ఉన్నయి.”

అరుంధతి సంతోషంగా కాచిగూడ వెళ్ళింది, కిటికీ సంచులు అచ్చువేయించడానికి.

మధ్యాహ్నం మిగిలిన ముక్కలు పట్టుకుని సైకిల్ స్టాండు వెనక్కి వెళ్ళాడు. అక్కడ పడుకునే నల్లకుక్క తోకాడిస్తూ లేచింది. వెండిపొర సంచిలోని ముక్కను ఒక్క గుటకలో మింగింది. కిటికీ సంచిలోదాన్ని మూతితో తడిమి వెనక్కి జరిగింది. ఇంకొకటి వేశాడు. వాసన చూసి ముఖం తిప్పుకుంది.

అప్పుడతనికి మల్కాజ్‌గిరి సమ్మక్క గుర్తొచ్చింది. నిరుడు ఆమె అమ్మకానికి చేసిన నువ్వుల లడ్డూల పొట్లాలు ల్యాబుకు పరీక్షకు తెస్తే వాటినీ బాగున్నాయనే అన్నాడు. దుకాణాలవాళ్ళు తిప్పి పంపారనీ, ఆమె ఆ పని మానేసి ఎవరింట్లోనో వంటకు కుదిరిందనీ తర్వాత విన్నాడు. పాపం, అదృష్టం బాగాలేదనుకుని ఊరుకున్నాడు. ఎంత తేలిగ్గా అనుకున్నాడో ఇప్పుడు తెలిసింది. వెంటనే ఫోను తీశాడు.

అరుంధతి ఫోను ఎత్తలేదు. ఎండలో తార్నాక దాకా నడిచి, ఆమె తిరిగొచ్చేవరకూ గడప దగ్గరే నిలబడ్డాడు.

“అమ్మా, నాకు మూడేండ్ల సంది వాసన తెల్వది. పొద్దుగాల ఊకెనే చెప్పిన. కిటికీ సంచిలది కుక్క ముట్టలే.”

ఆమె వెంటనే ప్రెస్సుకు ఫోన్ చేసింది. సగం సంచులు అచ్చయిపోయాయట. మిగతావి ఆపమంది.

“తెల్వదంటే వారం ఆగేదాన్ని గదా అంకుల్.”

ఆమె తిట్టినా బాగుండేది.

సాయంత్రం రత్నకుమార్ సారుకు అంతా చెప్పాడు. సారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. “నాకైనా చెప్పాల్సింది పేరయ్యా,” అన్నాడు. పేరయ్య రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలున్నాయి. రేపటినుంచి సెలవు పెడతానంటే సారు వద్దనలేదు. పాత రిజిస్టరులోంచి సమ్మక్క నంబరు రాసుకుని, బస్టాపులో నిలబడి చేశాడు పేరయ్య. ఆ నంబరు వాడుకలో లేదని ఫోనులో వినిపించింది. బస్సు రాగానే ఎక్కి వెళ్ళిపోయాడు.

ల్యాబులో అతని సొరుగులో, వాసన తిరిగొచ్చిందేమోనని రోజూ పొద్దున్నే తెరిచి చూసుకునే కర్పూరం డబ్బా, మూత సరిగా పడకుండా అలాగే ఉండిపోయింది.