వేలు చూపిన వైపు

మా ఆయన శశికాంత్ నాకు కారు నేర్పించలేదని అంటే కళ్ళు పోతాయి. నేర్పించాడు. కాకపోతే చెవిలో ఆఫీస్ మీటింగ్ పెట్టుకుని నేర్పించాడు. పొద్దున్నే ఇండియా టీమ్‌తో కాల్, అదే టైమ్‌కి నాకు క్లాసు. మాట్లాడటానికి వీల్లేదు కాబట్టి అంతా చేతి సైగలే. వేలు ఎడమకి తిప్పితే లెఫ్ట్, కుడికి తిప్పితే రైట్, అరచెయ్యి చూపిస్తే బ్రేక్. తిట్టాల్సి వస్తే మాత్రం శ్రద్ధగా మ్యూట్ నొక్కి తిట్టేవాడు.

నాకు ఫార్మా ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూసి కళ్ళు కాయలు కాశాక వచ్చిన ఉద్యోగం. సోమవారం జాయినింగ్. అమెరికాలో మేముండే ఈ క్యారీ ఊళ్ళో మా ఇంటి నుంచి అక్కడికి బస్సు లేదు, శశి ఆఫీసేమో పూర్తిగా వేరే దిక్కు. ఇప్పటికే ఒకసారి డేట్ మార్చారు, ఇంకోసారి కుదరదని హెచ్‌ఆర్ ఆవిడ తేల్చి చెప్పేసింది. కాబట్టి శుక్రవారం లైసెన్స్ టెస్ట్‌లో నేను పాస్ కావాల్సిందే.

ఎగ్జామినర్ కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. చెప్పిన చోటల్లా తిప్పాను, పార్క్ చేశాను, రివర్స్ చేశాను. అన్నీ సరిగ్గానే వచ్చాయి. అప్పుడు ఆవిడ, ఇక దారి తను చెప్పనని, రోడ్డు మీది బోర్డులు చూసుకుంటూ నన్నే తిరిగి లైసెన్స్ ఆఫీస్‌కి తీసుకెళ్ళమని చెప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఎదురుగా బోర్డులున్నాయి, ఇంగ్లీషు చదవడం నాకు వచ్చు. అయినా కళ్ళు ఆవిడ ఒళ్ళోకే పోతున్నాయి. ఇంతలో ఆవిడ ఎడమచెయ్యి లేచింది, చూపుడువేలు ఎడమకి, నా వైపు తిరిగింది. ఠక్కున లెఫ్ట్ తిప్పేశాను.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటోంది, అంతే.

నేను దూరింది షాపింగ్ సెంటర్‌లోంచి బండ్లు బయటికొచ్చే దారి. లోపలికి రావద్దని ఎర్ర బోర్డు మనిషంత ఉంది. ఎదురుగా వస్తున్న వ్యాన్ కీచుమని ఆగింది. టెస్ట్ అక్కడితో అయిపోయింది. రోడ్డు ముందుంటే నన్నెందుకు చూస్తున్నావని ఆవిడ మెల్లగానే అడిగింది.

తిరిగొచ్చాక ఆఫీస్ పార్కింగ్‌లో శశి ఎదురొచ్చాడు, కాల్‌లోనే. మ్యూట్ చేసి, ఏమైందని అడిగాడు. జరిగింది చెప్పాను. నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడ చెయ్యి చూడటమేంటి ప్రణీతా? మీటింగ్స్ మధ్యలో అంత కష్టపడి నేర్పించాను కదా" అన్నాడు.

"నువ్వు డ్రైవింగ్ నేర్పలేదు శశీ. నీ చెయ్యి చూడటం నేర్పావు. సోమవారం ఆ చెయ్యి నాతో ల్యాబ్‌కి వస్తుందా?"

నవ్వు ఆగిపోయింది. చెవిలోది తీసేసి ఏదో అనబోయాడు. వినే ఓపిక నాకు లేదు. ఇల్లు చేరేదాకా నోరు విప్పొద్దని, చెయ్యి కదపొద్దని చెప్పి స్టీరింగ్ ముందు కూర్చున్నాను. పక్క సీట్లో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ కోపంలో బండి మాత్రం భేషుగ్గా నడిపాను, మొదటి సిగ్నల్ దాకా.

ఎర్రలైటు ఉన్నంతసేపూ పైనున్న బోర్డులు ఒక్కొక్కటే చదివాను. మళ్ళీ చదివాను. రెండేళ్ళుగా కాపురం ఉంటున్న ఊరు. మా ఇంటికి ఎటు తిరగాలో నాకు తెలియలేదు.