మిరపదండల బరువు

హజ్‌కు వెళ్లిన మన్నూబియా అక్కడే కన్నుమూసిందని పొద్దున్నే ఫోన్ వచ్చింది. శవం ఇంటికి రాదు. సాయంత్రపు అసర్ నమాజు కాగానే మక్కా పెద్ద మసీదులో జనాజా ప్రార్థన చేసి, అక్కడే మట్టి చేస్తారట. మసీదు నుంచి వచ్చే ప్రసారంలో చూసుకోండని యాత్ర బృందం పెద్ద చెప్పాడు. భర్త అల్లాలాకు మిగిలిన ఆఖరి చూపు అదొక్కటే. తీరా చూస్తే ఇవాళే టీవీ మొరాయించింది.

వాళ్ల ఊరు కైరవాన్‌లో చావు జరిగిన ఇంట మూడు రోజులు పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి తెచ్చిన గోధుమరవ్వ కుస్కుస్ పళ్లేల్లో అలాగే చల్లారిపోతోంది. అల్లాలా టీవీ ఎదురుగా కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు, మసక అద్దాల్లోనే ఉన్నట్టు. బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి, ఆగి, నల్లబడిపోతోంది.

కూతురు సల్హా టీవీ పక్కనున్న డిష్ డబ్బా ఆపి మళ్లీ వేసింది. వెనక వైరు ఊడదీసి, దాని కొనని తలగుడ్డతో తుడిచి బిగించింది. తెరమీద సిగ్నల్ గీతలు రెండు వచ్చాయి. పైది నిండుగా ఉంది, కిందిది ఖాళీ.

"పై గీత నిండిందంటే వైరు బాగానే ఉందమ్మా. డిష్షే పక్కకి ఒరిగింది," అన్నాడు పక్కింటి బెషీర్. ఒక్క చానల్ బాగుచేస్తూ పది పోగొట్టగలడని అతనికి వీధంతా పేరు. ఈసారి మాత్రం నిజమే చెప్పాడు.

ఇద్దరూ మిద్దెక్కారు. ప్రయాణానికి ముందు అమ్మ గుచ్చిన మిరపకాయల దండలు, ఒకే తాడుకి వరసగా వేలాడుతున్నాయి. తాడు ఒక కొస గోడ మేకుకి, రెండోది డిష్ చేతికి. మిద్దె మీద ఎండ బాగా తగిలేది ఆ మూలే, అక్కడ ఉన్న ఇనుమూ అదొక్కటే. నాన్న ఏటా అరిచేవాడు, అమ్మ ఏటా అక్కడే కట్టేది. రాత్రి ఈ శరత్కాలపు తొలి వాన పడింది. ఎండిన కాయలన్నీ నీళ్లు తాగి బరువెక్కి డిష్‌ని కిందికి లాగేశాయి.

బెషీర్ బోల్టు తిప్పి చూశాడు. మర అరిగిపోయి ఊరికే తిరుగుతోంది.

"ఇది బిగుసుకోదు. ముందు ఈ తాడు కోసేస్తా, తర్వాత ఏదో ఒకటి కడదాం." జేబులోంచి చాకు తీశాడు.

"ముట్టుకోకు అన్నా."

"మిరపకాయలే కదమ్మా. టైం లేదు, అక్కడ నమాజు మొదలై ఉంటుంది."

"అమ్మ వేసిన ముడి అది. కోస్తే మళ్లీ ఎవరు వేస్తారు?"

చాకు జేబులోకి వెళ్లిపోయింది. సల్హా వంగి డిష్ చేతి కింద భుజం పెట్టింది. దండలూ ఇనుమూ అన్నీ కలిపి పైకెత్తింది. తడి మిరపకాయలు మెడకి తగిలి చర్మం భగ్గుమంది. బెషీర్ టీవీ చూసి చెప్పడానికి కిందికి పరిగెత్తాడు.

"వచ్చిందా?" సల్హా అడిగింది.

"లేదు. ఇంకొంచెం ఎత్తు. ఆ, వచ్చింది. అయ్యో, పోయింది. కుడికి."

"ఇప్పుడు?"

ఈసారి నాన్న గొంతు, పెద్దగా అరవకుండానే పైదాకా వచ్చింది. "వచ్చిందమ్మా. కదలకు."

మరణించిన వారి కోసం ప్రార్థనకు నిలబడమని ఇమాం పిలుపు మెట్లదారిలోంచి వినబడింది. పేర్లేమీ చెప్పలేదు. సల్హాకు బొమ్మ కనబడదు. ఆమె ఎదురుగా పొరుగిళ్ల డిష్‌లూ, తడి గోడలూ మాత్రమే ఉన్నాయి. ఆ ఊళ్లో ఆడవాళ్లు జనాజా పాడె మోయరు, శ్మశానం దాకా కూడా వెళ్లరు. భుజం కోసుకుపోతోంది. అయినా ఆ బరువు దించాలని ఆమెకు అనిపించలేదు. 'అల్లాహు అక్బర్' అంటూ మొదటి తక్బీర్, రెండోది, మూడోది. ఆఖరిదైన నాలుగోదానికి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అయిపోయిందమ్మా, వదిలెయ్," బెషీర్ కింద నుంచి అన్నాడు.

ఆమె వదల్లేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా మిద్దెక్కని నాన్న, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చాడు. తాడునీ ముడినీ చూశాడు. ఏటా అరిచే మనిషి ఇవాళ ఆ ముడిని వేళ్లతో తడిమాడు.

"మీ అమ్మది ఏ జనాజానో తెలీలేదు," అన్నాడు. "చాలా ఉన్నాయి అక్కడ."

తర్వాత పక్కకొచ్చి, జనాజా కింద మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకున్నట్టే, వంగి ఇనుము కింద తన భుజం పెట్టాడు.

"ఇటివ్వు తల్లీ. ఇప్పుడు నా వంతు."