నలభై గుంటలు

దుంగను నాలుగు వైపులా తట్టి చూడనిదే నేను కలప బేరం మొదలుపెట్టను. పాత పటం దగ్గర మాత్రం ఒక్క వైపే చూశాను.

మా కలప అడితి వెనక ఖాళీ జాగా నాదని నేను, తనదని పక్క నూనెమిల్లు ఆయన, ఆరేళ్లుగా తగువు. ఎనభై ఏళ్లనాటి ఊరి పటం రిటైరైన సర్వేయరు దగ్గరుందని తెలిసి వెళ్లాను. వెనక బట్ట అంటించిన కాగితం. మా తాత పేరు కింద, ఆ జాగాలో, ఎర్రసిరాతో ‘40 గుంటలు’ అని ఉంది. నలభై గుంటలంటే సరిగ్గా ఎకరం. ఆ ముక్కతోనే గెలిచాను.

ఇంటికి రాగానే మేనత్త పట్టుకుంది. ఆవిడ నెలల పిల్లప్పుడు కలరాలో తల్లి పోతే, మా తాత తెచ్చి పెంచాడు.

“మా అమ్మని ఎక్కడ పెట్టారో అందులో ఉందిట్రా?”

“పటంలో మనుషులెందుకుంటారత్తా? కొలతలుంటాయి.”

“పోయేలోగా ఒక్కసారి ఆ మట్టి మీద చెయ్యి పెడదామని.”

గిడ్డంగికి పునాదులు మొదలుపెట్టించాను. రెండు రోజులు మిషను తవ్వింది. మూడోరోజు మూలలు చెక్కడానికి మనుషులు దిగారు. కాసేపటికే మేస్త్రీ పైకొచ్చాడు.

“ఇవి వేర్లు కావు సార్. నిన్నంతా వేర్లనుకునే ఎత్తిపోశాం.”

అతని చేతిలో దవడ ఎముక ఉంది.

సర్వేయరు పటం మళ్లీ పరిచాడు.

“ఊరంతా సెంట్లలో కొలిచినవాడు మీ ఒక్కరికీ గుంటల్లో కొలుస్తాడా? కలరా ఏడాది పటం ఇది. గుంటలంటే గోతులయ్యా. గోతికి నలుగురో అయిదుగురో.”

“ముందే చెప్పొచ్చుగా!”

“ఎకరం, ఎకరం అంటూ గంతులేశారు. నన్ను అడిగారా?”

నేను ఇల్లు చేరేలోగా కబురు చేరిపోయింది. అత్త కొంగు బిగించి, చెప్పుల్లేకుండా వాకిట్లో నిలబడి ఉంది.

“దొరికిందటగా. పద, చూపించు.”

నలభైలో పదకొండు గోతుల మట్టి అప్పటికే తరలిపోయింది. పావువంతు కన్నా ఎక్కువే. మంచి మట్టి, దండగెందుకని, వానకు నీళ్లు నిలిచే మా వాకిలి పల్లంలో నేనే పోయించి, దిమ్మిసతో కొట్టించాను.

“ఎటువైపురా? దూరమా?”

“దూరం కాదత్తా,” అన్నాను, ఆవిడ పాదాల వైపు చూస్తూ.