నోటికి కట్టు, మఖమల్ గౌను

దగ్గరికి రండర్రా, దుప్పటి కాళ్ళమీదికి లాక్కుని కూచోండి. నోరు కట్టేసుకున్న కుట్టుపనావిడ కథ చెబుతాను.

ఆవిడ నోరు ఊరికే ఉండేది కాదు. మాటలు లేనప్పుడు పెదాల మధ్య గుండుసూదులుండేవి. అలాంటి నోటి పక్కనే బొల్లి మచ్చ లేచి గడ్డం దాకా పాకింది. మందులకి పాకడం ఆగిందిగానీ రంగు రాలేదు. చివరికి డాక్టరమ్మ ఆవిడ తొడమీంచి పల్చగా చర్మం తీసి, అందులోంచి రంగు కణాలు విడదీసి, మచ్చని పైపైన గీకి వాటిని పరిచి, కట్టు కట్టింది.

"వారం దాకా మాట్లాడొద్దు, నవ్వొద్దు, నమలొద్దు. కదిలిందా, కణాలు జారిపోతాయి. పడ్డ పాట్లన్నీ వృథా."

"మా వదినకి ఇంతకన్నా జైలే నయం డాక్టరుగారూ!" అంది ఆడపడుచు.

వచ్చిన నవ్వుని ఆవిడ పొట్టలోనే తొక్కిపట్టింది.

ఇంట్లో మంచం, గొట్టంతో పాలు, గోడ. ఎదురుగా తన మిషను, తన కత్తెర, ఆడపడుచు చేతిలో. ఓ పూట ఆ పిల్ల, పాటలు పాడే అమ్మాయెవరో గౌను కుట్టమని ఇచ్చిన మఖమల్ బల్లమీద పరిచింది. మఖమల్‌కి పిల్లివీపులా నూగుంటుంది. ముక్కలన్నీ ఒకే వాటాన కత్తిరించాలి, లేకపోతే ఒకే గుడ్డ రెండు రంగుల్లో కనబడుతుంది. ఈ పిల్లేమో గుడ్డ కలిసొస్తుందని రెండో ముక్కని తలకిందులుగా గీసింది.

ఒక్క కేక వేస్తే చాలు. వేస్తే గడ్డం మీది కణాలు జారిపోతాయి. ఆవిడ గ్లాసుతో మంచంపట్టీ మీద టకటకా కొట్టింది.

"నీళ్ళా వదినా? ఉండు, ఈ ముక్క కానివ్వు."

మళ్ళీ కొట్టింది.

"అబ్బ! నోరు కట్టేసినా నీ పెత్తనం ఆగదే!"

లేవబోతే తొడమీది పుండు పట్టేసింది. కత్తెర కరకరా నడిచింది. కన్నీళ్ళు కట్టుమీద పడకుండా ఓ పీలికతో అద్దుకుంది.

కుట్టిన గౌను కొక్కేనికి తగిలిస్తే ఒక సగం నలుపు, ఒక సగం మెరుపు.

"అయ్యో వదినా, చూస్తూ చూస్తూ ఒక్క మాటైనా..." అని, ఆ కట్టు చూసి నాలిక్కరుచుకుంది ఆడపడుచు.

వారానికి కట్టు విప్పారు. కింద గులాబీ రంగు చర్మం. "అతుక్కుంది," అంది డాక్టరమ్మ. "రంగు రావడానికి నెలలు పడుతుంది. రాపిడి తగిలితే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది, జాగ్రత్త."

ఆవిడ ఇంటికొచ్చి, తలకిందుల ముక్క మార్చడానికి ఆ గౌను కుట్లు విప్పుదామని కూచుంది. పాడు అలవాటు! చెయ్యి దానంతటదే గుండుసూదిని పెదాలదాకా తెచ్చేసింది.

"ఆగు వదినా!"

వీధి ఉలిక్కిపడేంత కేక. సూది గాల్లోనే ఆగిపోయింది.

గుర్తుపెట్టుకోండి. రేపు మీరెవరికైనా ఈ కథ చెబితే, ఆ కేక మాత్రం గట్టిగా వెయ్యండి.