గడువు పెట్టిన సాక్ష్యం

నేను ఒక మైకును. నా గుండెలో ఉన్నది అయస్కాంతం, దాని పక్కన సన్నని రాగితీగ చుట్ట, పైన ఉల్లిపొర లాంటి పొర. ఢిల్లీలో ఓ రేకుల షెడ్డులో పుట్టాను. నా తలకు ఇనుప జాలీ బిగించిన మనిషి “హలో” అన్నాడు. నేను పలికాను. అంతటితో నా బాల్యం ముగిసింది.

మొదట గుంటూరులో సౌండ్ బాక్సులు అద్దెకిచ్చే మస్తాన్ చేతిలో పడ్డాను. పెళ్లిళ్లు, ఎన్నికల సభలు, వేలంపాటలు. నన్ను పట్టుకోగానే మనిషికి లోకమంతా చెవిటిదైపోతుంది, ఎందుకో. ఐదేళ్లకు మస్తాన్ కొత్త మైకులు కొని, నన్ను మిర్చియార్డు వెనక కాలనీలో చిన్న చర్చికి అమ్మేశాడు. ఎన్నికల సభల్లో మనుషులు మాటిచ్చేవాళ్లు. ఇక్కడ దేవుడి చేత మాట ఇప్పించుకుంటున్నారు. అంతే తేడా అనుకున్నాను.

హెప్సిబా ఆ చర్చిలో పాటలు పాడేది. ఆమె భర్త యోనా యార్డులో హమాలీ. ఒక మంగళవారం అతను లారీకి మిర్చి బస్తాలు ఎక్కిస్తుంటే పైవరుస జారి నడుం మీద పడింది. నడుం కింద స్పర్శ పోయింది.

ఆ ఆదివారం హెప్సిబా ఆసుపత్రి నుంచి నేరుగా చర్చికి వచ్చి, చివరి వరుసలో ముడుచుకుని కూర్చుంది. సాక్ష్యాల వేళ అయింది. మేలు పొందినవాళ్లు లేచి, నన్ను పట్టుకుని చెప్పుకునే వేళ అది. సంఘ పెద్ద జకరయ్య నన్ను తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడు.

“చెప్పమ్మా.”

“ఏం చెప్పను బాబాయ్? ఇంకా ఏ మేలూ జరగలేదుగా.”

“జరిగినాక ఎవడైనా చెబుతాడు. జరగకముందే చెప్పాల. అదీ విశ్వాసం. నువ్వు చెప్పాక ఆయన చెయ్యక ఏం జేస్తాడు?”

ఆమె అరచేతి చెమటకు నేను జారిపోతున్నాను. రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

“వచ్చే ఆదివారం మా ఆయన తన కాళ్ల మీద నడుచుకుంటా ఈ గుమ్మంలోంచి వస్తాడు. దేవుడికి స్తోత్రం!”

“హల్లెలూయా!” పైకప్పు రేకులు అదిరాయి. దేవుడికి గడువు పడింది. ఏడు రోజులు.

ఆ వారమంతా ఆమె ఉపవాసం. రోజూ మధ్యాహ్నం వచ్చి, ఖాళీ చర్చిలో నా స్టాండు పక్కనే మోకరించేది. సోమవారం “నడిపించు ప్రభువా” అంది. బుధవారానికి “నిలబడితే చాలు.” శుక్రవారం నేలకు నుదురు ఆనించి, “కాలి బొటనవేలు తండ్రీ, ఒక్క వేలు కదిలించు” అని బతిమాలుకుంది. శనివారం రాలేదు.

యోనా నడవలేదు. ముందే చెప్పేస్తున్నాను, మీరూ ఆశ పెట్టుకోకండి.

ఆదివారం ముందు వరుసలో అతని కోసం కుర్చీ వేసి, కొత్త తువ్వాలు పరిచారు. పాటలు అయ్యాయి. అందరి కళ్లూ గుమ్మం మీదే. హెప్సిబా ఒంటరిగా వచ్చింది. జకరయ్య ఎదురెళ్లి, గొంతు తగ్గించి అన్నాడు.

“నువ్వెక్కడో సందేహపడ్డావమ్మా. లేకపోతే ఇట్టా జరగదు.”

తన చేతిలో నేను ఉన్నాననీ, నా బొత్తాం వేసే ఉందనీ చూసుకోలేదు. ఆ గుసగుస నాలుగు బాక్సుల్లోంచీ వినిపించింది.

ఆమె నన్ను అతని చేతిలోంచి తీసుకుంది.

“సందేహం కాదు బాబాయ్. ఇంక నడవడంట. నిన్న డాక్టరు చెప్పాడు. నేను మా ఆయన దగ్గరికెళ్లి, లెగవయ్యా, అందరికీ మాటిచ్చాను అన్నాను. ఏడ్చాడు. ‘నా నడుం ఇరిగింది చాలదటే? దేవుడి పరువు కూడా నేనే మొయ్యాల్నా?’ అన్నాడు.”

ఎవరో వెక్కారు. ఆమె ఆగలేదు.

“దేవుడు నాకేం చెప్పలా. నేనే గడువు పెట్టి, ఆయన మాటిచ్చినట్టు చెప్పాను. అది తప్పే. ఇంక పెట్టను. కానీ కోపంగా ఉంది. కోపంతోనే వచ్చాను. ఇంకెక్కడికి పోను?”

పాట ఎత్తుకుంది. ఇమ్మనీ చెయ్యమనీ అడిగే పాట కాదు. ‘నీవు దేవుడవు’ అనే ఒక్క మాట చుట్టూ తిరిగే చిన్న పల్లవి. రెండోసారి మధ్యలో ఆపేసింది. జకరయ్య నా కోసం చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. అలాగే నిలబడింది. మూడు నిమిషాలు నేను ఆమె ఊపిరిని మాత్రమే అందరికీ వినిపించాను. జకరయ్య చాచిన చెయ్యి దించుకుని, కుర్చీ మీది తువ్వాలు నిదానంగా మడతపెట్టాడు.

ఇప్పుడు నా పొర చిరిగింది. ఈ చర్చి ట్రంకుపెట్టెలో తెగిన వైర్ల మధ్య పడి ఉన్నాను. వేల మాటలు నాలోంచి పోయాయి, దాదాపు అన్నీ మరిచాను. ఆ ఆదివారం జనం వెళ్లాక మోగిన ఆమె ఫోను మాత్రం మరవలేదు. ఆమె ఇంకా నన్ను పట్టుకునే ఉంది.

“అయిందా?” యోనా గొంతు.

“అయింది.”

“ఏం అడిగావు?”

“ఏం అడగలా.”



“సరే. కాస్త జావ కాచి పట్టుకురా. నువ్వూ తాగి రా.”

ఆమె నన్ను స్టాండుకు తగిలించి, బొత్తాం తీసేసి, చెప్పులేసుకుని వెళ్లింది.