స్కూలు మదరు

తెల్లారేసరికి వాన వెలిసింది. ఊరంతా ఆకాశానికి మొక్కుతాంటే నేను మాత్రం ఆ వానను తిట్టుకున్నాను.

మా వజ్రకరూరు పక్క పల్లెల్లో వాన పడితే చాలు, జనం ముందు చేన్లలో రాళ్లు ఏరడానికి పోతారు. మన్ను కొట్టుకపోయి రాళ్లు పైకి తేల్తాయి. వాటిలో ఒక్కటి వజ్రమైతే ఆ ఇంటి కరువు తీరినట్లే. ముసలోళ్లకు చూపు ఆనదు. అందుకని పిల్లల్ని తోడుకపోతారు. ఆడపిల్లలైతే ఓపిగ్గా వొంగి వెతుకుతారని వాళ్లను ఇంకా ముందు.

ఆ పొద్దే పంచాయతీ సమితి ఆఫీసరు మా బడి తనిఖీకి వచ్చే రోజు.

నాది ఆ బడిలో స్కూలు మదరు పని. ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లల్ని బడికి పిల్చుకరావల్ల. తలలు దువ్వి కూచోబెట్టల్ల. పాలపొడి కలిపి కాచి పొయ్యల్ల. అయివారు పెద్ద పిల్లోళ్లకు పాఠం చెప్పేటప్పుడు చిన్నోళ్లతో అఆలు దిద్దించల్ల. గుత్తిలో ఏడో తరగతి చదువుతాంటే పెండ్లి చేసి నన్ను ఈ ఊరికి పంపినారు. ఆ సగం చదువుకు ఈ పనన్నా దొరికింది. అంతకుముందు కరువు పనిలో రోడ్డు కంకర కొడుతుండేదాన్ని. అక్కడ గుడ్డ నీడన పండబెట్టిన నా కొడుకు లింగప్పకు ఎండదెబ్బ తగిలింది. పాలు మరవని బిడ్డ, ఒక పూటంతా కండ్లు తెరవలేదు. వాళ్ల నాయన బళ్లారి మిల్లుకు పోయినాడు, జాడ లేదు. ఈ పని పోతే మళ్లా ఆ కంకర కుప్పే.

"ఆడపిల్లలు లేని బడికి స్కూలు మదరేంటికి అంటాడు ఆఫీసరు. నీ పని ఇంగో ఊరికి పోతాది" అని ఓబుళేసు అయివారు ముందే చెప్పినాడు. మా బడికి ఆయనొక్కడే అయివారు. ఇంగో మాట గూడా అన్నాడు: "బిడ్డను చంకనేసుకోని బడికి రావద్దు సుంకమ్మా. నీకంటే ముందున్నామెను దానికే తీసేసినారు."

అందుకే పక్కింటి రామక్క కూతురు చిన్నక్కను పెట్టుకున్నాను. ఎనిమిదేండ్లుంటాయేమో. నేను బడిలో ఉన్నంతసేపు లింగప్పను ఎత్తుకుంటాది, మా ఇంట్లోనే ఇంత సంగటి తింటాది. ఊర్లో ఆడపిల్లలందరినీ బడికి రమ్మని బతిమాలే నేను, ఆ ఒక్క పిల్లను మాత్రం ఎప్పుడూ పిలవలేదు.

మా అత్త జల్లెడ పట్టుకోని గడప దాటుతాంటే అడ్డం పోయినాను.

"అత్తా, ఈ ఒక్క పూట బిడ్డను చూడు. చిన్నక్కనన్నా బడికి తీసుకపోతా."

"నువ్వు దొరసాని మాదిరి బడిలో కూచుంటే నేను వజ్రం ఇడిసిపెట్టల్లా? నాకు దొరికిందంటే నీ ఉద్యోగం ఎవురిక్కావల్ల? పక్కకు జరుగు!"

ఇల్లిల్లూ తిరిగినాను. సగం తలుపులకు గొళ్లేలు. తిప్పయ్య పెండ్లాం కూతుర్ని చేయి పట్టుకోని చేనికి పోతా నవ్వింది.

"ఏమ్మా, మీ ఆఫీసరు వజ్రమిస్తాడా? ఇస్తాడంటే చెప్పు. పిల్లేంటికి, నేనే వచ్చి బలపం పట్టుకుంటా."

ఒట్టి చేతులతో బడికొస్తే అయివారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఒక్కరన్నా?"

"లేరయివారూ."

ఆయన కాసేపు మా ఇంటి దిక్కు చూసినాడు. "ఉండాది గదా, మీ ఇంట్లో ఒక పిల్ల."

"మరి బిడ్డ?"

"దాని తమ్ముడని చెప్పించు. తమ్మున్ని ఎత్తుకోని బడికొచ్చే పిల్లలు ఏ ఊర్లో లేరు? బిర్నా పో."

పరిగెత్తినాను. చిన్నక్క తలకు చమురు రాసి బిరబిరా జడేసినాను.

"నిజంగా బడికాక్కా? పలక ఇస్తారా?"

"ఇస్తారు. ఎవురన్నా అడిగితే వీడు నీ తమ్ముడు."

"మా అమ్మకు నేనొక్కదాన్నే గదక్కా."

"ఈ పొద్దుకు తమ్ముడు."

బిడ్డకు పాలిద్దామని కూచోబోతుండగా జీపు చప్పుడు వినబడింది. అట్లే బిడ్డను చిన్నక్క చంకకెక్కించి బడికి ఉరికినాం.

ఆఫీసరు బురద బూట్లు గడప దగ్గర విడిచి లోపలికొచ్చినాడు. బడిలో నలుగురైదుగురు మగపిల్లలు, గోడవార చిన్నక్క.

"ఊరు మొత్తానికి ఒక్క ఆడపిల్లేనా?" అన్నాడు. దాని ముందు వొంగి మెత్తగా అడిగినాడు. "చంకలో ఎవరు పాపా, నీ తమ్ముడా?"

"అవు సార్. ఈ పొద్దుకు."

ఆయన పకపకా నవ్వినాడు. "రేపు కాదా?"

అప్పుడు లింగప్ప నన్ను చూసినాడు. రెండు చేతులూ చాపి ఏడుపందుకున్నాడు. నేను పాలగిన్నె వైపు తిరిగి గరిటె తిప్పుతా నిలబడినాను. వాడు గుక్కపట్టేకొద్దీ నా రైక తడుస్తాంది. కొంగు నిండా కప్పుకున్నాను.

"స్కూల్ మదర్ మీరే కదమ్మా? ఎత్తుకోండి, పాప చదువుకోవాలి."

ఎత్తుకున్నాను. వాడు చప్పున ఊరుకోని, ముఖం నా ఎదలో దూర్చి వెతుకుతాన్నాడు. అయివారు నల్లబల్ల తుడుస్తానే ఉన్నాడు, దాని మీద ఏమీ లేకపోయినా.

"ఆకలిగా ఉన్నట్టుంది. ఆ పాలు కొంచెం పట్టండి" అన్నాడు ఆఫీసరు.

పొడిపాలు చెంచాతో నోటికి పెట్టినాను. వాడు మూతి తిప్పుకున్నాడు. మళ్లా పెట్టినాను. ఉమ్మేసినాడు.

పోయే ముందు ఆఫీసరు చిన్నక్క చేతిలో కొత్త పలక పెట్టినాడు. నా దిక్కు తిరిగి, "ఇలా వాన పడ్డ రోజు కూడా ఒక పిల్లనైనా తెచ్చారు. మీ పని ఇక్కడే ఉంటుంది. కానీ ఈ పాప ఒక్క రోజు కూడా మానకూడదు. ఈసారి వచ్చినప్పుడు ముందు ఈ పాపనే అడుగుతాను. ఇలా బిడ్డను మోస్తూ ఏం చదువుతుంది? ఆ తల్లి ఎవరో, ఆమెకు గట్టిగా చెప్పండి, బిడ్డను తనే చూసుకొమ్మని" అన్నాడు.

"చెప్తాను సార్" అన్నాను.

జీపు మలుపు తిరిగినాక బడి వెనక గోడకు ఆనుకోని కూచున్నాను. లింగప్ప ఆబగా తాగుతాన్నాడు. దూరంగా చేన్లలో జనం వొంగి మన్ను గెలుకుతాన్నారు. వాళ్లలో మా అత్త యాడుందో తెలియలేదు.

చిన్నక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

"అక్కా, రేపు వీన్ని ఎవురు ఎత్తుకుంటారు?"

"నువ్వు తల దువ్వుకోని పొద్దున్నే రా" అన్నాను.

అది ఇంకా జవాబు కోసం చూస్తానే ఉంది. నేను కొంగు సర్దుకున్నాను. చివరికి పలకను నా బిడ్డను మోసినట్లే చంకన పెట్టుకోని, నడుము ఒక పక్కకు వంచి, ఇంటికి పోయింది.